రోడ్డు మీద బండి ఆపే ఆ రెండు నిమిషాల గురించి: పోలీసు, రవాణా శాఖల ఉన్నతాధికారులకు బహిరంగ లేఖ

తెలంగాణ హోంశాఖ, పోలీసు శాఖ, రవాణా శాఖ ఉన్నతాధికారులకు,

నమస్కారం.

నేను పోలీసు శాఖలో పనిచేసి నగర ట్రాఫిక్ విభాగంలో ఏఎస్ఐగా రిటైరయ్యాను. ఈ లేఖలో ఉన్నవి కొత్త విషయాలు కావు. సర్వీసులో ఉండగా దర్బార్‌లో, అంటే పై అధికారులు సిబ్బంది సమస్యలు వినే సమావేశంలో, లేచి చెప్పాను. రాసి ఇమ్మంటే రాసి ఇచ్చాను. రిటైరయ్యాక మళ్లీ రిజిస్టర్డ్ పోస్టులో పంపాను. అందినట్టు కార్డు వచ్చింది, జవాబు మాత్రం రాలేదు. అందుకే ఇప్పుడు అందరికీ తెలిసేలా రాస్తున్నాను. యూనిఫాంలో ఉన్నవాళ్లు ఇలా రాయడానికి సర్వీసు రూల్స్ ఒప్పుకోవు. కాబట్టి ఈ వేళ ఎండలో పాయింట్ మీద, అంటే ట్రాఫిక్ డ్యూటీ వేసిన చోట, నిలబడి ఉన్న నా తోటివాళ్ల మాట కూడా ఇందులో ఉందనుకుని చదవండి.

మన రాష్ట్రంలో చాలామంది పోలీస్ స్టేషన్ గడప తొక్కకుండానే బతుకు వెళ్లదీస్తారు. వాళ్లకు పోలీసుతో పని పడేది రోడ్డు మీద బండి ఆపినప్పుడే. మహా అయితే రెండు నిమిషాలు. మేం ఎలా మాట్లాడాం, ఎందుకు ఆపామో చెప్పామా, పక్కనుంచి పోయిన పెద్ద కారును వదిలేశామా అన్నవి చూసి పోలీసు అంటే ఏమిటో ఆ రెండు నిమిషాల్లోనే వాళ్లు తేల్చుకుంటారు. రేపు అదే మనిషి కళ్ల ముందు యాక్సిడెంట్ జరిగితే పడ్డవాణ్ని ఆస్పత్రికి తీసుకెళ్తాడా, సాక్ష్యం చెప్పడానికి వస్తాడా, మనకెందుకు వచ్చిన గొడవ అని తప్పుకుంటాడా? సాయం చేసినవాళ్లను కేసుల్లో ఇరికించకుండా మోటారు వాహనాల చట్టంలో 134ఏ సెక్షన్ ఉంది. ఆ సెక్షన్ గురించి జనానికి ఎంత చెప్పినా, మొన్న సిగ్నల్ దగ్గర జరిగిన అవమానమే వాళ్లకు ఎక్కువ గుర్తుంటుంది. శాఖ ఆ రెండు నిమిషాలను చేజేతులా పాడుచేసుకుంటోందన్నదే నా ఫిర్యాదు.

చలానాలే వద్దని నేను అనడం లేదు. కేంద్ర రోడ్డు రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. హెల్మెట్ పెట్టుకోక చనిపోయినవాళ్లే 50,029 మంది. లా అండ్ ఆర్డర్‌లో ఉన్న రోజుల్లో మార్చురీ బయట తల్లిదండ్రుల చేత కాగితాల మీద సంతకాలు పెట్టించినవాణ్ని. హెల్మెట్ విలువ నాకు ఇంకొకరు చెప్పనక్కర్లేదు. ఆ ప్రాణాల కోసమే తనిఖీలు చేస్తున్నామంటున్నాం కదా, తనిఖీ తీరు కూడా అందుకు తగ్గట్టు ఉండాలి. ఇప్పుడలా లేదు. దానివల్ల మామూలు జనం పడుతున్న పాట్లు ఇవి.

1. రాసిపెట్టిన టార్గెట్ అంటూ ఎక్కడా లేదు, నిజమే. కానీ రాత్రి వైర్‌లెస్ సెట్‌లో పై అధికారులు పెట్టే సెట్ కాన్ఫరెన్స్‌లో మొదటి ప్రశ్న "ఇవాళ మీ దగ్గర ఎన్ని కేసులు?" అనే. పక్క స్టేషన్‌కు ఎక్కువై మనకు తక్కువైతే మెమో వస్తుందన్న టెన్షన్. ఆ ప్రశ్నకు జవాబు చెప్పుకోవాల్సిన కానిస్టేబుల్ ప్రమాదాలు జరిగే చోట నిలబడడు. కేసులు సులువుగా దొరికే చోట నిలబడతాడు. ఫ్లైఓవర్ దిగే మలుపులోనో, మెట్రో పిల్లర్ చాటునో. పొద్దున అడ్డా మీదికి పోయే తాపీమేస్త్రి, సున్నం బకెట్ హ్యాండిల్‌కు తగిలించుకుని వచ్చే పెయింటర్, ఆర్డర్ టైం దాటిపోతుందని ఉరికే డెలివరీ కుర్రాడు అక్కడ దొరుకుతారు. అర కిలోమీటరు అవతల కంకర టిప్పర్ రాంగ్ రూట్‌లో వస్తూ ఉంటుంది. దాన్ని ఆపాలంటే ఇద్దరు మనుషులు కావాలి, అరగంట పడుతుంది, లెక్కలోకి వచ్చేది ఒక్క కేసు. అదే అరగంటలో పిల్లర్ చాటున ముప్పై ఫొటోలు తీయొచ్చు. జరిమానాల బరువు మోసేది ఆ కూలి మనిషే. రేపు టిప్పర్ కింద పడేది కూడా ఎక్కువగా అలాంటివాళ్లే.

అంబులెన్స్ జామ్‌లో ఇరుక్కున్నప్పుడు దానికి దారి చేయడానికి హోంగార్డు ముందు పరిగెత్తి ఒక్కో బండినీ పక్కకు జరిపిస్తాడు. ఆ పని ఏ కాలమ్‌లోనూ ఎక్కదు. వానలో మోకాలి లోతు నీళ్లలో నిలబడి మ్యాన్‌హోల్ వైపు ఎవరూ పోకుండా గంటలకొద్దీ కాపలా కాసిన కానిస్టేబుల్ పేరు కూడా సెట్‌లో ఎవరూ అడగరు.

2. వెనకనుంచి తీసే ఫొటో ప్రమాదాన్ని ఆపదు. హెల్మెట్ లేకుండా వచ్చినవాడు హెల్మెట్ లేకుండానే ముందుకు పోతాడు. ట్యాంకు మీద పిల్లాణ్ని, వెనక ఇద్దర్ని ఎక్కించుకున్నవాడూ అంతే. అతను అలాగే ఇంకో పది కిలోమీటర్లు పోతాడు. మెసేజ్ వచ్చేసరికి అది ఏ రోజుదో, ఏ సెంటర్‌లోదో కూడా గుర్తుండదు. బండి అమ్మేసినా ఆర్సీలో పేరు మారకపోతే మెసేజ్ పాత ఓనర్‌కు పోతుంది. కొన్న మనిషికి ఏదో ఒక రోజు తనిఖీలో ఆపాకే తెలుస్తుంది. అప్పటికి అవి కుప్పగా పేరుకుపోయి ఉంటాయి. "అన్నీ కడితేనే బండి కదులుతుంది" అని కింది సిబ్బంది చేత చెప్పిస్తారు. ఆ రోజు అతని కూలి పోతుంది, మర్యాద పోతుంది.

మీ దాకా రాని సంగతి ఒకటి చెబుతాను. మా చేతిలో కెమెరా కనబడగానే వెనక కూర్చున్న ఆడమనిషి ఒక చేత్తో సీటు పట్టుకుని, నడుస్తున్న బండి మీదే వెనక్కి వంగి, రెండో చెయ్యి కిందికి చాపి నంబర్ ప్లేట్‌కు అడ్డం పెడుతుంది. ఒళ్లో బిడ్డ ఉన్నా సరే. కొందరు చున్నీ కొస ప్లేటు మీదికి జారవిడుస్తారు. ఆ చున్నీ చక్రంలో చుట్టుకుంటే ఏమవుతుందో ఈ శాఖలో పనిచేసిన ప్రతి ఒక్కరికీ తెలుసు. ఒకరి ప్రాణం కాపాడాలని పెట్టిన తనిఖీ ఆ మనిషిని ఇంకో ప్రమాదంలోకి నెడుతోంది. ప్లేటుకు మాస్కు తగిలించడం, చివరి అంకె మీద స్టిక్కర్ అంటించడం, ప్లేటు లోపలికి వంచడం ఇప్పుడు ఎవరికీ తప్పుగా అనిపించడం లేదు. గుద్ది పారిపోయిన బండి కోసం సీసీ ఫుటేజీ తిప్పేటప్పుడు ఆ వంచిన ప్లేటే మాకు అడ్డం వస్తుంది.

కెమెరాతో కేసులు రాయడానికి చట్టం దారి చూపించింది. 2021 ఆగస్టులో కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 167ఏ చేర్చారు. దాని ప్రకారం పరికరానికి ఆమోద ధ్రువపత్రం ఉండాలి. కెమెరా నిఘా ఉందని ముందే హెచ్చరిక బోర్డు పెట్టాలి. తప్పు జరిగిన 15 రోజుల్లోగా నోటీసు పంపాలి. స్తంభం మీద, బోర్డు పెట్టి, అందరినీ ఒకేలా చూసే కెమెరాతో నాకు పేచీ లేదు. పిల్లర్ చాటున కానిస్టేబుల్ చేతికిచ్చిన కెమెరా ఆ నియమానికి ఎంతవరకు సరిపోతుందో మీరే ఒకసారి చూడండి.

3. రాయితీలు. 2022 మార్చిలో పాత చలానాల మీద బైకులకు 75 శాతం, కార్లకు 50 శాతం తగ్గించారు. 2023 డిసెంబరు చివర్లో మళ్లీ బైకులకు, ఆటోలకు 80 శాతం, కార్లకు, లారీలకు 60 శాతం తగ్గించారు. గడువు మీద గడువు పెంచారు. ఖజానాకు డబ్బు వచ్చి ఉంటుంది. పాయింట్ మీద నిలబడ్డవాడికి వచ్చింది మాత్రం ఒక్క ప్రశ్న: "మళ్లీ డిస్కౌంట్ ఎప్పుడు సార్?" తప్పు ఒప్పుకుని అదే వారం పూర్తి జరిమానా కట్టిన మనిషి నష్టపోయాడు. ఏళ్ల తరబడి పట్టించుకోనివాడు లాభపడ్డాడు. నిజంగా కట్టలేని పేదవాడి కోసమే ఆలోచిస్తే ముందే తక్కువ జరిమానా పెట్టండి, వాయిదాల్లో తీసుకోండి, లోక్ అదాలత్‌లో తేల్చండి. అందరికీ కలిపి ఒక సీజన్ పెట్టడం వల్ల జరిమానాకు ఉన్న భయం పోయింది, గౌరవమూ పోయింది.

4. ఫోన్లు. బండి ఆపగానే హెల్మెట్ కన్నా ముందు ఫోన్ చేతిలోకి వస్తుంది. "సార్, మా అన్న లైన్‌లో ఉన్నాడు, ఒక్కసారి మాట్లాడండి." ఆ అన్న కార్పొరేటర్ కావచ్చు, పెద్దాయన పీఏ కావచ్చు, మన శాఖలోనే ఉన్న ఆఫీసరు కావచ్చు. తీసుకుంటే వదిలేయాలి. తీసుకోకపోతే రెండు రోజుల్లో పాయింట్ మారుతుంది, లేదా హెడ్‌క్వార్టర్స్‌కు అటాచ్ చేస్తారు. పక్కనే ఆగి ఉన్న ఆటో డ్రైవర్ ఇదంతా చూస్తూ ఉంటాడు. కారును పంపించేసి అతని వైపు తిరిగి "నీ లైసెన్స్ ఏది?" అని అడగాల్సి వచ్చినప్పుడు ఆ కానిస్టేబుల్ గొంతులో అధికారం మిగలదు. ఆ ఆటో డ్రైవర్ ముఖంలోకి సూటిగా చూడలేని స్థితిలో నా కింద పనిచేసిన కుర్రాళ్లు చాలామంది ఉన్నారు.

ఈ ఫోన్లు ఎక్కువగా వచ్చేది మైనర్లు నడిపిన బండ్ల విషయంలో. 199ఏ సెక్షన్ కింద తండ్రికో, బండి ఓనర్‌కో మూడేళ్ల వరకు జైలు, 25 వేల జరిమానా ఉన్నాయి. ఆ బండి రిజిస్ట్రేషన్ ఏడాదిపాటు రద్దు చేయాలి. ఆ పిల్లాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్స్ ఇవ్వరు. ఇంత గట్టి సెక్షన్ ఒక్క ఫోన్ కాల్ ముందు నిలబడలేకపోతోంది.

5. ఆపే పద్ధతి. వేగంగా వచ్చే బైకు ముందుకు హఠాత్తుగా దూకడం, హ్యాండిల్ పట్టి లాగడం, తాళం చెవి గుంజుకోవడం, లాఠీ అడ్డం పెట్టడం చట్టంలో ఎక్కడా లేవు. 2018 మార్చిలో తమిళనాడులోని తిరుచిరాపల్లి దగ్గర హెల్మెట్ తనిఖీలో ఆగకుండా పోయిన బైకును ఒక ఇన్‌స్పెక్టర్ వెంటపడి తన్నాడు. వెనక కూర్చున్న మహిళ కిందపడి చనిపోయింది. ఊరు రగిలిపోయింది. అలాంటిది మన దగ్గర జరిగాక ఉత్తర్వులు ఇవ్వడం కాదు, జరగకముందే ఇవ్వండి. ఆగకుండా పోయినవాణ్ని వెంటాడాల్సిన పని లేదు, నంబర్ ఉంది.

చట్టం మాకిచ్చిన అధికారం తక్కువేమీ కాదు. యూనిఫాంలో ఉన్న పోలీసు అడిగితే లైసెన్స్ చూపించాలని 130 సెక్షన్ చెబుతోంది. ఎప్పుడు ఆగాలో 132లో ఉంది. కాగితాలు ఎప్పుడు స్వాధీనం చేసుకోవచ్చో 206లో, బండిని ఎప్పుడు ఆపి ఉంచొచ్చో 207లో ఉంది. డిజీలాకర్‌లో చూపించిన ఆర్సీ, లైసెన్స్ చెల్లుతాయని నియమాల్లో ఉన్నా "ఒరిజినల్ ఏది?" అని ఇప్పటికీ కొందరు అడుగుతున్నారు. వాళ్లకు ఎవరూ ట్రైనింగ్‌లో చెప్పలేదు. స్టేషన్‌లో గోడకు అంటించడానికి ఒక కాగితం కూడా రాలేదు.

సరిగ్గా ఆపితే ఫలితం ఎలా ఉంటుందో మన దగ్గరే రుజువుంది. డ్రంక్ అండ్ డ్రైవ్ తనిఖీ చూడండి. రోడ్డుకు బారికేడ్లు, లైట్లు, దూరం నుంచే కనబడే ఏర్పాటు. మోపెడ్ అయినా కారైనా అందరూ ఆ మిషన్‌లో ఊదాల్సిందే. 100 మిల్లీలీటర్ల రక్తంలో ఆల్కహాల్ 30 మిల్లీగ్రాములు దాటితే కేసు. తాగినవాడు ఆ రాత్రి స్టీరింగ్ ముందు కూర్చోడు. తర్వాత గోషామహల్‌లోనో బేగంపేటలోనో కౌన్సెలింగ్‌కు ఇంట్లోవాళ్లతో వచ్చి కూర్చుంటాడు. భార్య పక్కన ఉండగా యాక్సిడెంట్ వీడియో చూసి తల దించుకున్నవాళ్లను నేను చూశాను. తాగని మనిషి లైసెన్స్‌తో వస్తే బండి అతనికి అప్పగించాలని 2021లో హైకోర్టు చెప్పాక అక్కడ గొడవలు కూడా తగ్గాయి. ఆ తనిఖీలో కారణం అందరికీ కనబడుతుంది, ప్రమాదం అక్కడికక్కడే ఆగుతుంది. పగటి తనిఖీలు కూడా అలాగే ఎందుకు ఉండకూడదు?

6. రోడ్లు. 2022 నవంబరు చివర్లో హైదరాబాద్‌లో రాంగ్ రూట్‌కు 1,700, ట్రిపుల్ రైడింగ్‌కు 1,200 రూపాయల జరిమానా పెట్టి స్పెషల్ డ్రైవ్ చేశారు. రాంగ్ రూట్ చావుకు దారే, అనుమానం లేదు. కానీ చాలా చోట్ల జంక్షన్ మూసేసి యూటర్న్‌ను దూరంగా జరిపారు. ఎదురుగా కనబడే మందుల షాపుకు పోవాలంటే అంత దూరం తిరిగి రావాలి. నడిచేవాళ్లకు దాటే దారే లేదు. మూడు పూటలా అదే చోట అదే తప్పు వందల మంది చేస్తున్నారంటే అక్కడ రోడ్డును కూడా ఒకసారి చూడాలి. ఏ డివైడర్ ఎక్కడ తెరవాలో, ఏ గుంతలో వారానికి ఎందరు పడుతున్నారో పాయింట్ కానిస్టేబుల్‌కు తెలిసినంత బాగా ఇంకెవరికీ తెలియదు. అతన్ని అడిగే ఏర్పాటే లేదు.

ఇంకో ముఖ్యమైన మాట. 2019 సవరణలో వచ్చిన 198ఏ సెక్షన్ ప్రకారం రోడ్డు డిజైన్, నిర్మాణం, నిర్వహణ ప్రమాణాలు పాటించక ఎవరైనా చనిపోయినా, వికలాంగులైనా బాధ్యులైన కాంట్రాక్టర్‌కు, సంస్థకు లక్ష రూపాయల వరకు జరిమానా వేయొచ్చు. నా సర్వీసులో ఆ సెక్షన్ కింద కేసు పెట్టమని పై నుంచి ఒక్కసారి కూడా మాట రాలేదు. గుంత తప్పించబోయి లారీ కింద పడ్డ బైకు కేసుల్లో "అజాగ్రత్తగా నడిపి" అన్న మాట మాత్రం తప్పకుండా రాస్తారు. చనిపోయినవాడిదే తప్పని రాసిన కాగితం పట్టుకుని అతని భార్య పరిహారం కోసం ట్రిబ్యునల్ చుట్టూ తిరగాలి. హెల్మెట్ లేనివాడి మీద చూపే పట్టుదలలో కొంతైనా ఇటు చూపించండి.

7. సిబ్బంది. పాయింట్ దగ్గర బాత్రూమ్ లేక పొద్దున్నుంచి మంచినీళ్లు తాగకుండా డ్యూటీ చేసే మహిళా కానిస్టేబుళ్లున్నారు. హోంగార్డుకు రోజుకు వెయ్యి రూపాయలు, జరిమానా వసూలు చేసే అధికారం లేదు. అయినా జనం ఎదుట మాట పడేది అతనే. పొగలో, హారన్ల మధ్య ఎనిమిది పది గంటలు నిలబడ్డ మనిషి నోటి వెంట మెత్తటి మాట రావాలంటే ముందు అతన్ని మనిషిగా చూడాలి.

ఇక మేం కోరేవి. సెట్ కాన్ఫరెన్స్‌లో చలానాల సంఖ్య అడగడం మానాలి. దాని బదులు ఆ స్టేషన్ పరిధిలో ఆ నెలలో ఎందరు చనిపోయారు, ఎక్కడ, ఎందుకు అన్నది అడగాలి. చాటునుంచి చేతి కెమెరాతో ఫొటోలు తీయడం ఆపాలి. 167ఏ నియమం ప్రకారం బోర్డుతో, ధ్రువపత్రంతో ఉన్న కెమెరాలే వాడాలి. మళ్లీ రాయితీ సీజన్ ఉండదని ఉత్తర్వు ఇవ్వాలి, పేదలకు వాయిదాల దారి చూపాలి. డ్యూటీలో ఉన్న సిబ్బంది ఎవరి ఫోనూ తీసుకోనక్కర్లేదని, తీసుకోనందుకు బదిలీ చేస్తే దాన్ని అప్పీలు చేసుకోవచ్చని రాతపూర్వకంగా ఇవ్వాలి. ఆపినప్పుడు పేరు, హోదా, ఆపిన కారణం చెప్పాలని, తాళం చెవి ముట్టకూడదని, బాడీ కెమెరా ఆన్‌లో ఉండాలని ఒక పేజీ ఉత్తర్వు తెలుగులో, ఉర్దూలో తయారు చేసి ప్రతి స్టేషన్‌కు, ప్రతి ఆటో స్టాండ్‌కు పంపాలి. ప్రాణాంతక ప్రమాదం జరిగిన ప్రతి చోటా ట్రాఫిక్ పోలీసు, ఇంజినీర్ కలిసి చూసి 198ఏ వర్తిస్తుందో లేదో రాయాలి. పెద్ద జంక్షన్లన్నింటిలో మహిళా సిబ్బందికి బాత్రూమ్ కట్టాలి.

రోడ్డెక్కే ప్రజలకు కూడా ఒక విన్నపం. చెయ్యెత్తి ఆపితే ఆగండి. ఎందుకు ఆపారో అడగండి, అది మీ హక్కు. ఫోన్ మాత్రం చేతికివ్వకండి. బిడ్డను ఒళ్లో పెట్టుకుని ప్లేటు మీదికి వంగకండమ్మా, ఏ చలానా కూడా అంత పెద్దది కాదు.

అధికారులకు చివరిగా. ఈ లేఖ అందిన 30 రోజుల్లోగా పైన అడిగిన వాటిలో ఏవి ఒప్పుకుంటున్నారో, ఏవి ఎందుకు ఒప్పుకోరో విడివిడిగా రాసి తెలియజేయాలని కోరుతున్నాను. జవాబు రాకపోతే 198ఏ కింద ఎన్ని కేసులు పెట్టారు, 199ఏ కింద ఎందరికి శిక్ష పడింది, ధ్రువపత్రం ఉన్న కెమెరాలు ఎన్ని, చేతి కెమెరాతో తీసిన చలానాలు ఎన్ని అని సమాచార హక్కు చట్టం కింద జిల్లాలవారీగా అడుగుతాను. వచ్చిన కాగితాలు వచ్చినట్టే ప్రజల ముందు పెడతాను.

ఇట్లు,
రిటైర్డ్ ట్రాఫిక్ ఏఎస్ఐ,
హైదరాబాద్